తాళంలోని లీవర్లు ఏం చేస్తాయి?

ఢిల్లీలోని చావ్డీ బజారు హార్డ్‌వేర్ దుకాణాలకు పేరుపొందింది. అక్కడ తలుపు తాళం అడిగితే "ఎన్ని లీవర్లది కావాలి?" అన్న ప్రశ్న మీకు ఎదురుకావచ్చు. ఢిల్లీకి సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని అలీగఢ్‌లో తయారయ్యే అనేక తాళాలమీద కూడా ఈ అంకె కనిపిస్తుంది. ఇంతకీ ఈ లీవర్లు ఏమిటి?

లీవరు అంటే ఒక చివర ఇరుసుకు బిగించిన పలుచని లోహపు రేకు. దానిని ఒక స్ప్రింగు కిందికి నొక్కి ఉంచుతుంది. ప్రతి రేకులోనూ ఒక సన్నని గాడి ఉంటుంది. గడియకు అమర్చిన మేకులాంటి ముక్క ఈ గాడులన్నింటిగుండా దూరితేనే గడియ కదులుతుంది. తాళంచెవి పళ్ళ ఎత్తులు వేర్వేరుగా ఉండటం మీరు గమనించే ఉంటారు. దానిని తిప్పినప్పుడు ఒక్కొక్క పన్ను ఒక్కొక్క లీవరును తగినంత ఎత్తుకు లేపుతుంది. గాడులన్నీ ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు మరో పన్ను గడియను నెడుతుంది. ఏ ఒక్క లీవరు తక్కువ లేచినా, ఎక్కువ లేచినా దారి మూసుకుపోతుంది. ఎక్కువ లేచినప్పుడు కూడా అడ్డుకునే ఈ ఉపాయానికి ఇంగ్లండులో రాబర్ట్ బారన్ 1778లో పేటెంటు పొందాడు.

ఒక్కో పన్నుకు 5 ఎత్తులు వీలనుకుంటే, 6 లీవర్లకు లెక్కప్రకారం 15,625 రకాల తాళంచెవులు సాధ్యం. 7 లీవర్లయితే 78,125. అయితే సంఖ్య ఒక్కటే చాలదు. గాడులు వెడల్పుగా, వదులుగా ఉంటే ఇంచుమించు అదే ఎత్తులున్న వేరే తాళంచెవి కూడా పనిచేస్తుంది.

ఢిల్లీ వేసవిలో దుమ్ముగాలులు ఎక్కువ. దుమ్ము చేరి లీవరు ఇరుక్కుంటే సరైన తాళంచెవితో కూడా తాళం తెరుచుకోదు. నూనె పోస్తే దుమ్ము మరింత అంటుకుంటుంది. పొడి గ్రాఫైటు మేలు. తాళం రహస్యమంతా తాళంచెవి పళ్ళ ఎత్తుల్లోనే ఉంది. కొద్దిసేపు దొరికినా దాని అచ్చు తీయవచ్చు. అందుకే దానిని అపరిచితుల చేతికి ఇవ్వకూడదు.