కేసు భయం డాక్టరుకు... ఖర్చు భారం రోగికి

ప్రొద్దుటూరు:

కడుపునొప్పి అని ఆస్పత్రికి పోతే మందుల చీటీ కంటే ముందు రక్తపరీక్ష, స్కానింగు చీటీలు చేతికొస్తున్నాయి. ఆపరేషను అంటే కాగితాల మీద సంతకాలు. రోగి పరిస్థితి కాస్త విషమిస్తే "కర్నూలుకో, తిరుపతికో తీసుకుపోండి" అనే మాట. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెజనానికి ఇది తెలిసిన సంగతే. దీని వెనుక వైద్యుల జాగ్రత్తతోపాటు కోర్టు భయం కూడా ఉన్నది.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఆపరేషను తరువాత కాళ్లు చచ్చుబడిన ఒక విద్యార్థికి కోటి రూపాయల పరిహారం ఇవ్వాలని 2009లో అదే కోర్టు ఆదేశించింది. ఈ న్యాయం అందటానికి 19 ఏళ్లు పట్టింది.

ఇటువంటి తీర్పులతో డాక్టర్లు కేసుల కోసం బీమా కట్టుకుంటున్నారు. రేపు కోర్టు అడిగితే చూపడానికి ఈరోజే పరీక్ష రాయించే అలవాటూ పెరిగింది. ఈ ఖర్చంతా చివరకు చేరేది రోగి బిల్లులోకే. అయితే అన్ని పరీక్షలకూ కేసుల భయమే కారణమనలేము. పరీక్షలకు కమీషన్లు తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య నియమావళి నిషేధించవలసి వచ్చిందంటే ఆ జబ్బు కూడా ఉన్నట్లే కదా!

రోగి చనిపోయినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్లు కాదని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోపంతో ఆస్పత్రిపై దాడి చేస్తే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. గేటు ముందు పంచాయితీ చేసి ఎంతో కొంత ఇప్పిస్తే ఆనాటికి గొడవ సద్దుమణగవచ్చు గాని, తప్పెవరిదో ఎప్పటికీ తేలదు.

నిజంగా అన్యాయం జరిగిందనుకుంటే రెండేళ్లలోపు కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వైద్యానికి చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించకుంటే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆస్పత్రికి మాత్రం ఇది వర్తించదు. అక్కడి నష్టానికి సివిలు కోర్టుకు పోవాలి.

ఎక్కడికి పోయినా కాగితమే సాక్ష్యం. రోగి తరఫువారు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వవలసిన బాధ్యత డాక్టరుది. కనుక మందుల చీటీ, బిల్లు, స్కానింగు ఫిల్ము పొలం పాసుపుస్తకం మాదిరి భద్రపరచుకోవాలి. అవి దగ్గరుంటే మరో ఆస్పత్రికి పోయినప్పుడు చేసిన పరీక్షే మళ్లీ చేయించుకునే ఖర్చు కూడా చాలావరకు తప్పుతుంది.