పసిచేతికి తొలిదీపం

కార్తీకమాసంలో మన కాశీబుగ్గలోనూ, ఉద్దానం పల్లెల్లోనూ సంధ్యవేళ గడపగడపకూ దీపం వెలుగుతుంది. ఆ వేళ దగ్గరకు వచ్చిన నాలుగేళ్ల పాపతో మనం అనే మాట ఏమిటి? "దూరంగా ఉండు, నూనె ఒలుకుతుంది!" అంతే కదా.

ఇటువంటి మాటే విన్న ఒక యూదు బాలిక కథ 2018లో బొమ్మల పుస్తకంగా వెలువడింది. పేరు 'ఆల్ ఆఫ్ ఎ కైండ్ ఫ్యామిలీ హనుక్కా'. ఎమిలీ జెన్కిన్స్ రచన, పాల్ జెలిన్‌స్కీ చిత్రాలు. 1912 నాటి న్యూయార్కులో ఒక కుటుంబం, ఐదుగురు అక్కచెల్లెళ్లు. హనుక్కా పండుగకు తల్లీ, అక్కలూ బంగాళదుంప అట్లు వేస్తుంటారు. చిన్నదైన గెర్టీని మాత్రం ఏ పనీ ముట్టుకోనివ్వరు. అలిగి మంచం కింద దూరిన ఆ పసిదానికి, ఇంటికి వచ్చిన తండ్రి తొలిదీపం వెలిగించే భాగ్యాన్ని ప్రసాదిస్తాడు.

హనుక్కా అంటే ప్రతిష్ఠ అని అర్థం. గ్రీకు రాజు నాలుగవ ఆంటియోకస్ అపవిత్రం చేసిన యెరూషలేము ఆలయాన్ని క్రీ.పూ. 164లో మక్కబీయులు శుద్ధిచేసి తిరిగి దైవానికి అంకితం చేశారు. సంప్రోక్షణ ఎరిగిన మనకు దీని మహత్తు వేరే చెప్పాలా? ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని వారి తాల్మూదు చెబుతుంది. అందుకే ఎనిమిది రాత్రులు, రోజుకొక దీపం చొప్పున పెంచుతూ వెలిగిస్తారు. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలని షమ్మాయి పక్షంవారు వాదించగా, పవిత్ర విషయాల్లో పెంచడమే గాని తగ్గించడం తగదన్న హిల్లేలు పక్షంవారి మాట నిలిచింది. వారి మాసం కూడా చాంద్రమానమే కనుక, ఈ పండుగ మన కార్తీకంలో గాని మార్గశిరంలో గాని బహుళ దశమి ప్రాంతంలో మొదలై అమావాస్యను దాటుతుంది. చిమ్మచీకటి రాత్రులు!

ఇదంతా ఎక్కడి ముచ్చటో అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు ఉన్నారు. వారి ప్రార్థనామందిరం 1991లో ఏర్పడింది.

మన ఇళ్లలో దీపం ఉంది, కథా ఉంది. కాని ఆ కథను దీపం ఎదుటనే పిల్లలకు చెబుతున్నామా? శివాలయంలో ఆకాశదీపం ఎందుకు ఎత్తుతారని మీ మనుమడు ఎన్నడైనా అడిగాడా? ఈ కార్తీకంలో వత్తిని నూనెలో తడిపే పని పాపకే అప్పగించండి. వెలిగించేటప్పుడు ఆ చేతిని మీ చేతితో పట్టుకోండి. పరికిణీ అంచు మాత్రం ముందే ఎత్తి దోపండి.