ఊరంతా కదలివచ్చే బడి మైదానాలు

పిల్లలూ! మీ ఊళ్ళో తిరునాళ్ళు జరిగే రోజు ఎలా ఉంటుంది? పొద్దు వాలకముందే దుకాణాలు మూతపడతాయి. పిల్లలు కొత్తబట్టలు కట్టుకుంటారు. కర్ర ఊతంగా నడిచే తాతలు కూడా ఇంట్లో కూర్చోలేరు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎన్నో చిన్న పట్టణాలకు ఇటువంటి తిరునాళ్ళు వారం వారం వస్తాయి. ఆగస్టు చివర మొదలై చలి ముదిరేదాకా, శుక్రవారం రాత్రి అయ్యేసరికి ఊరు ఊరంతా ఒక్కచోట చేరుతుంది. జనం పోయేది సంతకు కాదు, సర్కసుకు కాదు. తమ ఊరి హైస్కూలు పిల్లలు ఆడే ఫుట్‌బాల్ ఆటకు!

ఫుట్‌బాల్ అనగానే మీకు గుండ్రని బంతిని కాలితో తన్నే ఆట గుర్తుకొస్తుంది. అమెరికావారి ఫుట్‌బాల్ వేరు. ఆ బంతి నడుమ లావుగా ఉండి, రెండు కొసలూ కొనదేరి ఉంటుంది. పక్షానికి పదకొండుమంది. తలకు గట్టి టోపీలు, భుజాలకు దిండ్లవంటి కవచాలు పెట్టుకుంటారు. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తవచ్చు, చేతితో విసరవచ్చు. ఎదుటిపక్షంవాళ్ళు పట్టి పడేస్తారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోకపోతే బంతి ఎదుటివారిపాలవుతుంది. మైదానం చివరి గీత దాటించగలిగితే ఆరు పాయింట్లు. ఆడే చోటు పొడుగు నూరు గజాలు. రెండు చివరలా మరి పదేసి గజాల జాగా ఉంటుంది. వెడల్పు 160 అడుగులు. ఆట నడుమ విరామంలో బడి బ్యాండుమేళం వాయిస్తూ మైదానమంతా కవాతు చేస్తుంది.

అది శుక్రవారమే ఎందుకు? ఆ దేశంలో కాలేజీ జట్లు సాధారణంగా శనివారం ఆడతాయి. డబ్బు తీసుకుని ఆడే పెద్ద జట్లు ఆదివారం ఆడతాయి. శుక్రవారం రాత్రి బడిపిల్లలది. 1961లో అక్కడ చేసిన ఒక చట్టం కూడా దీనికి కొంత అండగా నిలిచింది. పిల్లల ఆటలు జరిగే కాలంలో పెద్ద జట్లు శుక్రవారం రాత్రి తమ ఆటలను టెలివిజన్‌లో చూపిస్తే, ఆ చట్టం ఇచ్చిన మినహాయింపు వాటికి వర్తించదు. పెద్దల ఆట ఇంట్లో కూర్చుని చూడవచ్చునంటే పిల్లల ఆటకు ఎవరు వస్తారు? అందుకే ఈ ఏర్పాటు.

ఇటువంటి మైదానాలు అమెరికాలో వేల సంఖ్యలో ఉన్నవి. ఫలానాది అందరికంటె గొప్పది అని ఏ ఊరివాళ్ళకు ఆ ఊరివాళ్ళు వాదిస్తారు. ఇంతకూ ఒక మైదానానికి గొప్పతనం దేనివల్ల వస్తుంది? ఖర్చువల్లా? సోకువల్లా? కొన్నింటిని చూసి మనమే తేల్చుకుందాం.

ముందుగా ఖరీదైనదాన్ని చూద్దాం. టెక్సస్ రాష్ట్రంలో అలెన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి ఓటర్లు 2009లో ఒప్పుకోగా, వారి హైస్కూలుకు ఈగిల్ స్టేడియం కట్టారు. అయిన ఖర్చు ఆరు కోట్ల డాలర్లు! 18,000 మంది కూర్చోవచ్చు. ఆ బడి బ్యాండుమేళంలోనే వందలకొద్దీ పిల్లలున్నారు. 2012లో దాన్ని తెరిచినప్పుడు దేశమంతా ముక్కున వేలు వేసుకున్నది.

రెండేళ్ళు తిరగకముందే, 2014లో, జనం నడిచే కాంక్రీటు దారులలో బీటలు కనబడ్డాయి. జనం క్షేమంకోసం తలుపులు మూసేశారు. ఆ ఏడు ఆటల కాలమంతా స్టేడియం ఖాళీగా ఉండిపోయింది. బాగుచేసి 2015లో మళ్ళీ తెరిచారు.

మరి సొంత మైదానం లేని ఆ ఏడు అలెన్ పిల్లలు ఏం చేశారు? పక్క ఊరి మైదానానికి పోయి ఆడారు. ఒక్క ఆట కూడా ఓడిపోకుండా టెక్సస్ రాష్ట్రపు విజేతలుగా నిలిచారు! ఆరు కోట్ల మేడ మూతపడ్డా జట్టు మూతపడలేదు. కనక ఖరీదు ఒక్కటే గొప్పతనం కాదని తేలింది.

ఇప్పుడు పసిఫిక్ సముద్రతీరంలో ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి పోదాం. దేశ రాజధాని వాషింగ్టన్ వేరు, ఈ రాష్ట్రం వేరు. ఒకటి తూర్పు కొసన, మరొకటి పడమటి కొసన ఉన్నవి. ఇక్కడ టకోమా అనే రేవుపట్టణంలో ఒక హైస్కూలు ఉన్నది. చూడబోతే అది కథలలో రాజుగారి కోటలా ఉంటుంది. నిజానికి దాన్ని బడికోసం కట్టనే లేదు. 1891లో ఒక రైలు కంపెనీవారు పెద్ద హోటలుగా మొదలుపెట్టారు. 1893లో దేశంలో ఆర్థికమాంద్యం వచ్చి పని ఆగిపోయింది. 1898లో అగ్నిప్రమాదం జరిగి లోపలంతా కాలిపోయింది. కంపెనీవారు గోడలు కూల్చి ఇటుకలు పట్టుకుపోసాగారు. అప్పుడు ఊరివాళ్ళు మేలుకుని ఆ మొండిగోడలను కొని, బడిగా మార్చుకున్నారు. 1906లో అందులో పిల్లలు పాఠాలు చదవసాగారు.

బడి పక్కనే సముద్రంలోకి దిగే లోతైన లోయ ఒకటి ఉండేది. అటువంటి చోట మైదానం ఎలా వస్తుంది? ఇక్కడే ఆ ఊరి ఇంజనీర్ల తెలివి చూడండి. బలమైన నీటిధారలతో గట్లను కోసి, ఆ మట్టితోనే లోయ అడుగును నింపి చదును చేశారు. మూడువైపులా ఉన్న వాలుమీద గుర్రపునాడా ఆకారంలో కాంక్రీటు మెట్లు కట్టారు. నాలుగోవైపు తెరిచి వదిలేశారు. 1910లో స్టేడియం తయారయింది. మెట్లమీద కూర్చుంటే ముందు ఆట, ఆట వెనక సముద్రం, సముద్రంలో ఓడలు! అధ్యక్ష పదవి నుంచి దిగిన థియొడోర్ రూజ్‌వెల్టు 1911లోనూ, అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 1919లోనూ ఇక్కడ ప్రసంగాలు చేశారు.

కాని లోయ అంటే వాననీరు పోయే దారి. మనిషి మరిచిపోయినా నీరు తన దారి మరిచిపోదు. 1981లో పెద్దవానకు అడుగునున్న నీటిగొట్టం పగిలి, మైదానంలో సముద్రంవైపు కొస కొట్టుకుపోయింది. మళ్ళీ ఆటలు మొదలయేసరికి 1985 వచ్చింది. ఇక వదిలేద్దాం అనుకుని ఉంటే ఈపాటికి అక్కడ తుప్పలు మొలిచి ఉండేవి. ఊరివాళ్ళు వదలలేదు.

మూడోరకం మైదానాలు కష్టకాలంలో పుట్టినవి. 1929లో అమెరికాలో మహామాంద్యం మొదలయింది. 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురికి ఒకరు చొప్పున పని లేక ఉన్నారు. మన దేశంలో కరవు వచ్చినప్పుడు చెరువులు తవ్వించి, రోడ్లు వేయించి కూలి ఇచ్చేవారు కదా! అక్కడ కూడా ప్రభుత్వం 1935లో అలాగే పెద్ద ఎత్తున పనులు ప్రారంభించింది. పని లేనివాళ్ళు రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, బడులకు మైదానాలు కూడా కట్టారు. ఆ కూలి వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగించింది. ఆ మైదానం వాళ్ళ మనుమలకు మిగిలింది.

ఒహాయో రాష్ట్రంలో మాసిలన్ అనే ఉక్కు పరిశ్రమల పట్టణంలో 1939లో తయారైన టైగర్ స్టేడియం అటువంటిదే. అక్కడ ఆటలు నేర్పిన పాల్ బ్రౌన్ ఆ బడిలోనే చదువుకున్నవాడు. 1932 నుంచి 1940 వరకు ఆయన చేతికింద జట్టు 80 ఆటలు గెలిచింది, 8 మాత్రమే ఓడింది, రెండు సమమయ్యాయి. చూడవచ్చే జనానికి పాత మైదానం చాలక కొత్తది కట్టవలసి వచ్చింది. ఆయన తరవాత దేశంలోకెల్లా పేరుపడ్డ శిక్షకుడయ్యాడు. 1976లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఊరి జనాభా ముప్పైవేల పైచిలుకు. స్టేడియంలో పదహారువేలమందికి పైగా కూర్చోవచ్చు. అంటే ఊళ్ళో సగంమంది! చాలా ఏళ్ళపాటు ఆ ఊరి ఆసుపత్రిలో మగపిల్లవాడు పుడితే, జట్టు అభిమానుల సంఘంవారు ఉయ్యాలలో చిన్న ఫుట్‌బాల్ ఒకటి పెట్టి వచ్చేవారు. పొరుగున ఉన్న కాంటన్ పట్టణపు జట్టుతో వీరి పోటీ 1894లో మొదలయింది.

ఆ 1930 దశకంలోనే అపలేచియన్ కొండల నడుమ బ్లూఫీల్డ్‌లో మిచెల్ స్టేడియం వెలిసింది. దీని సంగతి మరీ తమాషా. బ్లూఫీల్డ్ పేరుతో రెండు ఊళ్ళున్నవి. ఒకటి వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోది, రెండోది వర్జీనియా రాష్ట్రంలోది. నడుమ ఉన్నది రాష్ట్రాల సరిహద్దు గీత ఒక్కటే. రెండో ఊరి పేరు ముందు గ్రహామ్. 1924లో అదికూడా బ్లూఫీల్డ్ అయింది, కాని బడికి మాత్రం గ్రహామ్ అనే పాత పేరే నిలిచింది. ఈ రెండు బడులూ బద్ధవిరోధులు. అయినా రెండింటికీ సొంత మైదానం ఒక్కటే, అదే మిచెల్ స్టేడియం! ఆ రెండు జట్లూ తలపడిన రోజున చుట్టమెవరో ఇంటివాడెవరో చెప్పండి చూద్దాం! ఒకే మైదానాన్ని పంచుకుంటూ కూడా గట్టిగా పోటీ పడవచ్చునని ఈ ఊళ్ళు చూపిస్తున్నవి.

చివరగా, అన్నింటికన్న ఉత్తరాన ఉన్న మైదానానికి పోదాం. అలాస్కా రాష్ట్రంలో, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున బారో అనే ఊరు ఉన్నది. 2016 నుంచి దాని పేరు ఉట్కియాగ్విక్. అది అక్కడి ఇనుపియాట్ ప్రజల భాషలోని పేరు. తిమింగిలాల వేట వారి తరతరాల వృత్తి. ఆ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు; పోటీకి వచ్చే జట్టు విమానంలో రావాలి. నవంబరు నడుమ అస్తమించిన సూర్యుడు జనవరి చివరిదాకా మళ్ళీ కనబడడు. నేల అడుగున ఏడాది పొడుగునా మంచు గడ్డకట్టి ఉంటుంది. ఆటకు పనికివచ్చే పచ్చిక అక్కడ ఎలా పెరుగుతుంది?

ఆ ఊళ్ళో చాలామంది పిల్లలు చదువు నడుమ మానేస్తూ ఉండేవారు. ఆటకోసమైనా బడికి వస్తారన్న ఆశతో 2006లో ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. మైదానమంటే మట్టీ గులకరాళ్ళూ. పడ్డవాడికి చర్మం దోక్కుపోయేది. అయినా మొదటి గెలుపు రాగానే పిల్లలు ఆ చల్లటి సముద్రంలోకి దూకి పండుగ చేసుకున్నారు.

ఈ సంగతి దేశానికి మరో కొసనున్న ఫ్లోరిడాలో కేథీ పార్కర్ అనే ఆవిడ టెలివిజన్‌లో చూసింది. గులకరాళ్ళమీద పడి లేస్తున్న ఆ పిల్లలను చూసి ఆవిడ మనసు కరిగింది. వాళ్ళు తనకు చుట్టాలు కారు, ఆ ఊరు తాను చూసింది కాదు. అయినా ఊరికే కూర్చోలేదు. పదిమందినీ అడిగి లక్షల డాలర్ల చందాలు పోగుచేసింది. 2007లో అక్కడ కృత్రిమ పచ్చిక పరిచారు. దాని రంగు ఆకుపచ్చ కాదు, నీలం! మైదానానికి ఆవిడ పేరే పెట్టారు. ఒకపక్క మంచుసముద్రం, నడుమ నీలపు మైదానం. ధ్రువపు ఎలుగుబంటి ఇటుగా వస్తుందేమోనని చూసేందుకు మనుషులు కూడా ఉంటారు!

పిల్లలూ, ఇప్పుడు చెప్పండి. ఈ మైదానాలలో గొప్పది ఏది? నేను బడిపంతులుగా పనిచేసినవాణ్ణి గనక మార్కులు వేయడం నాకు అలవాటే. నేనైతే మెట్ల సంఖ్య చూసి మార్కులు వేయను. ఈ మైదానం కోసం ఎవరు ఏమి ఇచ్చారు, చెడిపోతే ఎవరు బాగుచేశారు, ఎవరికోసం తలుపు తెరిచారు అని అడుగుతాను. ఆ లెక్కన బారోకు తక్కువ మార్కులు రావు; తలుపులు మూసిన ఏడు పిల్లలను వదలనందుకు అలెన్‌కు కూడా మంచి మార్కులే వస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆటస్థలం లేని బడులు మన పట్టణాలలో ఉన్నవి. పిల్లవాణ్ణి బడిలో చేర్పించేటప్పుడు తరగతి గదులు చూసినట్టే, పరుగెత్తే చోటు ఉన్నదా అని కూడా చూడండి. అది లేకపోతే ఉండేటట్టు అడగండి. అడిగేవారు నలుగురు ఉంటేనే మైదానాలు ఉంటాయి.

పిల్లలూ, మీ బడికి మైదానం ఉంటే మీకొక చిన్న పని. పాత విద్యార్థులనూ, ఊళ్ళో పెద్దలనూ కలుసుకోండి. ఆ స్థలం ఎవరిచ్చారు? రాళ్ళు ఎవరు ఏరారు? గట్టుమీది చెట్టు ఎవరు నాటారు? అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఆ తరవాత రేపు ఆటకు దిగేముందు, మీవంతుగా మైదానంలో ఉన్న నాలుగు రాళ్ళు ఏరి అవతల పారవేయండి.