ఈనిన ఆవుల జీర్ణారోగ్యం – మూలికల పాత్ర, పరిమితులు: కారేపల్లి అటవీ ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

ఖమ్మం జిల్లా సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి భద్రాచలం వైపు సాగే అటవీ ప్రాంతానికి చేరువలో ఉన్నది. ఈనిన ఆవుకు సొంఠి, వాము, మెంతులు, బెల్లం కలిపి పెట్టడం ఇటువంటి తెలుగు పల్లెలలో తరతరాల వాడుక. ఈ వాడుకలోని శాస్త్రీయాంశం ఏది, దాని హద్దు ఎక్కడ అనే ప్రశ్నలు ఆవు ప్రాణంతో ముడివడి ఉన్నవి.

ఈత తరువాత జీర్ణవ్యవస్థ

ఈతకు ముందు 3 వారాలను, తరువాత 3 వారాలను పశువైద్యశాస్త్రం సంధికాలంగా పరిగణిస్తుంది. ఈ దశలో ఆకలి మందగిస్తుంది. పాల ఉత్పత్తికి కావలసిన శక్తి మాత్రం త్వరితంగా పెరుగుతుంది. ఆ లోటును ఆవు తన ఒంటి కొవ్వుతో పూడ్చుకుంటుంది. అది మితిమీరితే కీటోసిస్ కలుగుతుంది. ఆకలి పెంచాలని దాణాను ఒక్కసారిగా ఎక్కువ చేస్తే రూమెన్ అనే మొదటి పొట్టలో ఆమ్లత హెచ్చుతుంది. పీహెచ్ 6 కంటే తగ్గినప్పుడు పీచును జీర్ణం చేసే బాక్టీరియా చురుకుదనం కోల్పోతుంది.

కాల్షియం మరొక కీలకాంశం. లీటరు ముర్రుపాలలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అంటే 10 లీటర్ల ముర్రుపాలతో పోయే కాల్షియం, ఆవు రక్తంలో ఒక సమయంలో ఉండే మొత్తం కంటే ఎన్నో రెట్లు అధికం. రక్తంలో కాల్షియం తగ్గితే రూమెన్ కండరాల కదలిక కూడా తగ్గుతుంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియంను బంధిస్తాయి కనుక, వరిగడ్డి ప్రధాన మేతగా ఉన్నచోట ఈ సమస్యపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

మూలికల పనితీరు

వాములోని థైమాల్ కొన్ని సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది. శతావరిలోని సాపోనిన్లు, కరక్కాయలోని టానిన్లు రూమెన్‌లోని కిణ్వప్రక్రియను ప్రభావితం చేస్తాయి. అయితే టానిన్లు అధికమైతే పీచు జీర్ణం కుంటుపడుతుంది. పశువుల ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించిన తరువాత ఇటువంటి వృక్షజన్య పదార్థాలపై పరిశోధన ముమ్మరమైనది. మన దేశంలో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ సంప్రదాయ పశువైద్య యోగాలను ప్రచారం చేస్తున్నది. మాయ పడకపోవడానికి ముల్లంగి, బెండకాయ, బెల్లం, ఉప్పుతో చేసే యోగం వాటిలో ఒకటి.

పరిమితులు

సొంఠి, వాము కాల్షియం లోటును తీర్చలేవు. బెల్లం త్వరగా పులిసే చక్కెర. మోతాదు మించితే ఆమ్లతకు అదే కారణమవుతుంది. ఈనిన 3 రోజులలోపు చెవులు చల్లబడటం, నడక తూలడం, మెడను డొక్కవైపు తిప్పి పడుకోవడం పాలజ్వర లక్షణాలు. అప్పుడు మింగే శక్తి క్షీణిస్తుంది కనుక నోట పోసిన కషాయం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. పశువైద్యుడు రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించే కాల్షియమే ఆ స్థితిలో చికిత్స.

ముగింపు

ఎడమ డొక్కపై పిడికిలి ఆనించినప్పుడు నిమిషానికి ఒకటి రెండు సార్లు రూమెన్ కదలిక తెలియడం, ఆవు నెమరు వేయడం జీర్ణారోగ్యానికి సూచికలు. ఇవి ఉండి ఆకలి మాత్రమే మందగించిన ఆవుకు పరిమిత మోతాదులో మూలికలు తోడ్పడవచ్చు. ఇవి లోపించిన ఆవుకు ముందుగా కావలసినది రోగనిర్ధారణ. పీచుగల మేత, దాణాను క్రమంగా పెంచడం, ఖనిజ మిశ్రమం అనే పునాదిపైనే సంప్రదాయ జ్ఞానం సార్థకమవుతుంది.