కన్నింగ్‌హామ్: ఆరంగ్ గుడి నుంచి తెలుగు వికీ దాకా

రాయపూర్ నుంచి సంబల్‌పూర్ వైపు 53వ జాతీయ రహదారి మీద సుమారు 36 కిలోమీటర్లు వెళితే ఆరంగ్ వస్తుంది. విజయనగరం, రాయపూర్‌ల మధ్య రైల్లో తిరిగే తెలుగువాళ్లకు 'ఆరంగ్ మహానది' అన్న స్టేషన్ పేరు పరిచయమే. ఊళ్లో భాండ్ దేవల్ అనే పాత జైన దేవాలయం ఉంది. దాని గర్భగుడిలో నునుపు తేలిన నల్లరాతి విగ్రహాలు 3 నిలబడి ఉంటాయి. ఏనుగు గుర్తు ఉన్నది అజితనాథుడు, ఖడ్గమృగం గుర్తు ఉన్నది శ్రేయాంసనాథుడు, శంఖం గుర్తు ఉన్నది నేమినాథుడు.

ఈ గుడి గురించి చదవబోతే ఒక స్కాట్లండ్ ఇంటిపేరు ఎదురవుతుంది. 1881-82లో మధ్య పరగణాల్లో పర్యటించిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ రాజిమ్, ఆరంగ్, సిర్పూర్‌లను చూసి రాసిన వివరాలు పురావస్తు సర్వే నివేదికల 17వ సంపుటంలో ఉన్నాయి. ఆ సంపుటం 1884లో అచ్చయింది.

ఇదే ఇంటిపేరు ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థి చేతిలోని పుస్తకం మీద ఉంటుంది. ప్రధాన సంఖ్యల లెక్కల్లో ఉంటుంది. గాలిలో ధూళిని కొలిచే సూత్రంలో, ఒక రకం సరుగుడు చెట్టు శాస్త్రీయ నామంలో, బెంగళూరు రోడ్డు బోర్డు మీద కూడా కనిపిస్తుంది. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లా? కొందరు అవును, చాలామంది కాదు. ఎవరు ఎవరో అంకెలు పట్టుకుని వెళితే తేలుతుంది.

12వ శతాబ్దం: ఊరి పేరే ఇంటిపేరు

స్కాట్లండ్ నైరుతి తీరాన ఎయిర్‌షైర్ అనే ప్రాంతం ఉంది. పూర్వం దానికి 3 భాగాలు: కన్నింగ్‌హామ్, కైల్, క్యారిక్. ఉత్తరాన ఉన్న మొదటి భాగంలో వెర్నెబాల్డ్ అనే వ్యక్తికి 12వ శతాబ్దంలో హ్యూ డి మోర్విల్ అనే ప్రభువు భూములిచ్చాడు. ఆయన సంతతివాళ్లు ఆ ప్రాంతం పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. మనకిది కొత్త సంగతి కాదు. కందుకూరి, గురజాడ, వేటూరి అన్న ఇంటిపేర్లూ ఊళ్ల నుంచి వచ్చినవే. మనం ఇంటిపేరును ముందు పెడతాం, వాళ్లు చివర పెడతారు.

ఈ వంశం 1488లో గ్లెన్‌కెయిర్న్ ఎర్ల్ హోదా అందుకుంది. ఐర్లండ్‌లో కథ వేరు. అక్కడి ఓ కున్నెగాన్ కుటుంబాలు ఇంగ్లిష్ రాతలో కన్నింగ్‌హామ్‌లుగా మారాయి. 17వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి అల్స్టర్‌కు వలస వెళ్లిన అసలు కన్నింగ్‌హామ్‌లూ వాళ్లతో కలిశారు. అంటే ఈ ఇంటిపేరుకు కనీసం 2 మూలాలున్నాయి. పేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉందనుకోవడానికి లేదు.

ఈ వంశం గురించి ఒక కథ చెబుతారు. మాక్‌బెత్ మనుషులు వెంటపడితే యువరాజు మాల్కమ్‌ను ఒక రైతు గడ్డి కింద దాచాడట. పంగలకర్రతో పైన ఇంకా ఇంకా గడ్డి ఎగదోసి అతన్ని కాపాడాడట. అందుకే వీళ్ల వంశచిహ్నంలో పంగలకర్ర ఆకారం ఉంటుంది. మాల్కమ్ రాజైంది 1058లో, వెర్నెబాల్డ్‌కు భూములు దక్కింది ఆ తర్వాతి శతాబ్దంలో. కథ ముందూ కాగితం వెనకా ఉన్నాయి కాబట్టి దీన్ని కథగానే తీసుకోవాలి.

ఆరంగ్‌కూ ఇలాంటిదే ఒక కథ ఉంది, అందులో పనిముట్టు రంపం. దానం మాట తప్పకుండా శరీరాన్ని రంపంతో కోసి ఇవ్వడానికి సిద్ధపడిన మయూరధ్వజుడి రాజధాని ఇదేనని స్థానికులు నమ్ముతారు. 'ఆరా' అంటే రంపం, 'అంగ్' అంటే దేహం, ఆ రెండూ కలిసి ఆరంగ్ అయిందంటారు. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమినీ భారతం ద్వారా తెలుగువాళ్లకు ఈ రాజు తెలిసినవాడే.

182 లేక 282: ఒక్క అంకెతో నూరేళ్లు

కథకూ చరిత్రకూ మధ్య గీత గీయాలంటే తేదీలు కావాలి. ఆరంగ్‌లో దొరికిన రెండవ భీమసేనుడి రాగి శాసనం తేదీల కష్టం ఎలాంటిదో చూపిస్తుంది. రాజర్షితుల్య కులం అనే వంశానికి చెందిన 6 తరాల రాజుల పేర్లు ఆ రేకుల మీద ఉన్నాయి. చివర గుప్త శకంలో ఒక సంవత్సరం ఉంది. శాసన పరిశోధకుల్లో హీరాలాల్ దాన్ని 282గా చదివారు. వి.వి. మిరాశీ 182గా చదివారు. మొదటి లెక్కన క్రీ.శ. 601, రెండో లెక్కన 501. వందల స్థానంలోని ఒక్క గుర్తు దగ్గర వచ్చిన తేడాతో ఒక రాజు నూరేళ్లు వెనక్కి జరిగాడు.

ఈ రెండు లెక్కలూ గుప్త శకం 319-20లో మొదలైందన్న నిర్ణయం మీద నిలబడ్డాయి. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఆరంగ్ చూసిన కాలానికి ఆ నిర్ణయం ఇంకా జరగలేదు. 1883లో భారతీయ శకాల మీద పట్టికలతో ఒక పుస్తకం ప్రచురించినప్పుడు ఆయన గుప్త శకం ఆరంభాన్ని 166గా లెక్కించారు. 1888లో శాసన పరిశోధకుడు ఫ్లీట్ మందసోర్ శాసనం ఆధారంగా దాన్ని 319-20కి స్థిరపరిచారు. అంటే కన్నింగ్‌హామ్ లెక్క సుమారు 153 ఏళ్లు తప్పింది. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గదు. ఏ ఆధారంతో లెక్క కట్టాడో, ఏ పట్టిక వాడాడో అచ్చులో పెట్టాడు కాబట్టే ఇతరులు దాన్ని పరీక్షించి సరిదిద్దగలిగారు. ఈ ఇంటిపేరుతో వచ్చిన మంచి పనులన్నిటిలోనూ నాకు కనిపించే సుగుణం ఇదే.

ఒక తాపీమేస్త్రి, నలుగురు కొడుకులు

అలెగ్జాండర్ తండ్రి అలన్ కన్నింగ్‌హామ్ (1784–1842) డంఫ్రీస్‌షైర్‌లో పుట్టి రాతిపని నేర్చిన మేస్త్రి, కవి. 1814 నుంచి లండన్‌లో శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ పనిశాలకు ఆయనే పర్యవేక్షకుడు. మద్రాసులో 1839లో నిలిపిన థామస్ మన్రో గుర్రపు విగ్రహం ఆ పనిశాల నుంచి వచ్చిందే. దత్త మండలాల రైతులు తలచుకునే ఆ మన్రోదీ స్కాట్లండే.

అలన్ కొడుకుల్లో నలుగురు పేరు తెచ్చుకున్నారు. వాల్టర్ స్కాట్ సిఫారసుతో ఇద్దరికి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ప్రవేశం దొరికింది. పెద్దవాడు జోసెఫ్ 1849లో సిక్కుల చరిత్ర రాశాడు. కంపెనీ నడతను అందులో విమర్శించినందుకు రాజకీయ శాఖలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పీటర్ లండన్ నగరం మీద వివరాల గ్రంథం కూర్చాడు. ఫ్రాన్సిస్ మైసూరు కమిషన్‌లో పనిచేశాడు, బెంగళూరు కన్నింగ్‌హామ్ రోడ్డు ఆయన పేరు మీదిదే.

అలెగ్జాండర్ 1814లో పుట్టాడు. 1833లో బెంగాల్ ఇంజినీర్ల దళంలో చేరి భారతదేశం వచ్చాడు. 1861లో పురావస్తు సర్వేకు తొలి అధికారి అయ్యాడు. ప్రభుత్వం మధ్యలో ఆ సర్వేను మూసేసి 1871లో మళ్లీ తెరిచింది. అప్పటి నుంచి 1885 దాకా ఆయనే డైరెక్టర్ జనరల్. నివేదికలు 23 సంపుటాలు వచ్చాయి, సగానికి పైగా ఆయన స్వయంగా రాసినవే. ఆరంగ్ పర్యటన నాటికి ఆయన వయసు 68 దగ్గర పడింది.

ఆ 1881-82లోనే జేమ్స్ బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల దగ్గర పనిచేస్తున్నారు. ఆయన పుట్టిందీ అలన్ పుట్టిన డంఫ్రీస్‌షైర్‌లోనే. కన్నింగ్‌హామ్ తర్వాత సర్వే డైరెక్టర్ జనరల్ అయిందీ ఆయనే. ఒకే కాలంలో మహానది ఒడ్డున ఒకరు, కృష్ణ ఒడ్డున ఒకరు పాత రాళ్లను నమోదు చేశారు.

2, 5, 11, 23, 47: కొడుకు వదిలిన లెక్కలు

అలెగ్జాండర్ కొడుకు అలన్ జోసెఫ్ చాంప్నీస్ కన్నింగ్‌హామ్ 1842లో ఢిల్లీలో పుట్టాడు. తండ్రిలాగే సైనిక ఇంజినీరు. రూర్కీలోని థామసన్ కాలేజీలో బోధించాడు. మనసంతా సంఖ్యల మీదే.

2ను రెట్టించి 1 కలిపితే 5. 5ను రెట్టించి 1 కలిపితే 11. అలాగే 23, ఆ తర్వాత 47. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆపైన వచ్చే 95 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి వరస అక్కడ తెగుతుంది. ఇలాంటి వరసలను గణితజ్ఞులు కన్నింగ్‌హామ్ గొలుసులంటారు. 89తో మొదలుపెడితే 89, 179, 359, 719, 1439, 2879 అని 6 సంఖ్యల గొలుసు వస్తుంది.

ఆయన అసలు పని కారణాంకాల పట్టికలు. ఒక సంఖ్యను దానితోనే పదేపదే గుణించి, వచ్చినదానికి 1 కలిపినా తీసేసినా వచ్చే పెద్ద సంఖ్య ఏ ప్రధాన సంఖ్యల లబ్ధం? ఉదాహరణకు 2ను 11 సార్లు వేసి గుణిస్తే 2048. 1 తీసేస్తే 2047. అది 23, 89ల లబ్ధం. పై రెండు గొలుసుల్లోని సంఖ్యలే ఇక్కడ మళ్లీ పలకరించాయి! వుడాల్ అనే సహచరుడితో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పట్టికల్లో 2, 3, 5, 6, 7, 10, 11, 12 అనే 8 ఆధార సంఖ్యలున్నాయి. అందులో మిగిలిన ఖాళీలను పూరించే పనికే కన్నింగ్‌హామ్ ప్రాజెక్ట్ అని పేరు. కంప్యూటర్లతో అది నేటికీ సాగుతోంది. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం ఎంత కష్టమో తెలిసి ఉండటం ఇప్పుడు బ్యాంకు లావాదేవీల భద్రతకూ అవసరమే.

3 సంపుటాలు, 2 యుద్ధాలు

డిసెక్షన్ హాల్లో 'కన్నింగ్‌హామ్' అంటే మనిషి కాదు, పుస్తకం. ఒకటో సంపుటం కాళ్లు చేతులు, రెండోది ఛాతీ, పొట్ట, మూడోది తల, మెడ, మెదడు. హైదరాబాద్, విశాఖపట్నం, రాయపూర్ ఏదైనా సరే, మెడికల్ విద్యార్థులు శవచ్ఛేదన బల్ల దగ్గర తెరిచే మాన్యువల్ ఇది. దీని కర్త డేనియల్ జాన్ కన్నింగ్‌హామ్ (1850–1909) స్కాట్లండ్‌లోని క్రీఫ్‌లో పుట్టిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త. ఇది పురావస్తు కుటుంబం కాదు, వేరే కుటుంబం. ఆయన పోయాక కూడా రొమానెస్ వంటి సంపాదకులు పుస్తకాన్ని సరిదిద్దుతూ, కొత్త కూర్పులు తెస్తూ బతికించారు.

ఈ డేనియల్ కొడుకుల్లో ఇద్దరు రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా కనిపిస్తారు. అడ్మిరల్ ఆండ్రూ 1940 నవంబరులో టరంటో దాడికీ, 1941 మార్చిలో మటపాన్ సముద్ర యుద్ధానికీ నాయకుడు. తమ్ముడు అలన్ 1948 మేలో బ్రిటిష్ పాలన ముగిసేదాకా పాలస్తీనా హైకమిషనర్.

1.16, 2.9: ధూళిని దిద్దిన సూత్రం

గాలిలో ధూళి కణం ఎంత వేగంగా కిందికి దిగుతుందో చెప్పే పాత సూత్రం స్టోక్స్‌ది. కణం మరీ చిన్నదైతే అది గాలి అణువుల మధ్య ఖాళీల్లోంచి జారిపోతుంది. పాత సూత్రం చెప్పేదానికంటే తొందరగా దిగుతుంది. ఈ తేడాను 1910లో ఎబెనేజర్ కన్నింగ్‌హామ్ లెక్కించి ఒక గుణకం ఇచ్చాడు. మామూలు గాలిలో 1 మైక్రాన్ కణానికి ఆ గుణకం సుమారు 1.16, 0.1 మైక్రాన్ కణానికి సుమారు 2.9. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మిల్లికన్ నూనె చుక్కల ప్రయోగంలోనూ ఇలాంటి సవరణే అవసరమైంది. స్పాంజ్ ఐరన్ కర్మాగారాల పొగ పీల్చే రాయపూర్ చుట్టుపక్కల ఊళ్లలో గాలిలోని సూక్ష్మ కణాలను సైజులవారీగా కొలవాలన్నా ఈ గుణకంతోనే పని.

2 చెట్లు

మన కోస్తాలో వంటచెరకుకూ పరంజా కర్రలకూ పెంచే సరుగుడుకు ఆస్ట్రేలియాలో ఒక చుట్టం ఉంది. అక్కడ నదుల ఒడ్డున పెరిగే ఆ చెట్టు శాస్త్రీయ నామం క్యాజువరైనా కన్నింగ్‌హామియానా. వృక్షశాస్త్రవేత్త అలన్ కన్నింగ్‌హామ్ (1791–1839) గౌరవార్థం పెట్టింది. కవి అలన్ వేరు, ఈయన వేరు. 1700 ప్రాంతంలో చైనాలో మొక్కలు సేకరించిన స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ కన్నింగ్‌హామ్ పేరు మీద కన్నింగ్‌హామియా అనే ప్రజాతి ఉంది. చైనాలో కలపకు విరివిగా పెంచే చెట్టు అందులోదే.

1995: ఎవరైనా దిద్దగల పేజీ

1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ మొదటి వికీని జనం ముందుంచాడు. చదివేవాళ్లు ఎవరైనా అక్కడికక్కడే దిద్దగల పేజీలవి. 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆ పద్ధతి మీదే మొదలయ్యాయి.

ఇప్పుడు లెక్క చూడండి. సర్వే నివేదికలు, కారణాంకాల పట్టికలు, డిసెక్షన్ మాన్యువల్, ధూళి గుణకం, వికీ. వీటిని చేసినవాళ్లందరినీ కలిపింది రక్తం కాదు, ఎయిర్‌షైర్ కూడా కాదు. వీళ్ల పనులన్నీ తర్వాత వచ్చేవాళ్లు పరీక్షించడానికీ దిద్దడానికీ పొడిగించడానికీ వీలుగా ఉన్నాయి. ఈ పేరు పుస్తకాల్లో ఇన్నిచోట్ల నిలవడానికి కారణం ఆ తెరిచి ఉన్న తలుపేనని నా నమ్మకం.

అందుకే పాఠకులను ఒకటి కోరుతున్నాను. మీ ఊళ్లో పాత గుడో, శాసనం రాయో, చెరువు తూమో ఉంటుంది. టేపు పట్టుకుని దాని పొడవు, వెడల్పు కొలవండి. ఫొటో తీయండి. ఊరివాళ్లు చెప్పే కథను కథగా, కొలతను కొలతగా విడివిడిగా రాయండి. అచ్చయిన ఆధారం చూపించి తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీలో చేర్చండి. తప్పుంటే మరొకరు దిద్దుతారు. ఆరంగ్ గురించి కూడా తెలుగులో మంచి వివరాలు కావాలి. రాయపూర్, భిలాయిలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఒక ఆదివారం భాండ్ దేవల్ చూసి వచ్చి ఆ పనికి పూనుకుంటే, 1884లో ఇంగ్లిష్‌లో అచ్చయిన ఆ పుటలకు తెలుగులో కొనసాగింపు దొరుకుతుంది.