దవడ ఎముకకు వ్యాపించే క్యాన్సర్

శరీరంలో వేరొక అవయవంలో పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తం ద్వారా ప్రయాణించి దవడ ఎముకలో పెరగడాన్ని దవడ మెటాస్టాసిస్ అంటారు. నోటిలో కనిపించే క్యాన్సర్లలో ఇటువంటివి సుమారు 1 శాతం మాత్రమే. పొగాకు నమలడం వలన బుగ్గలోను, అడ్డపొగ త్రాగడం వలన అంగిట్లోను పుట్టే క్యాన్సర్ వేరు, ఇది వేరు. దవడకు చేరినా రొమ్ము క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. చికిత్స కూడా దానిని బట్టే ఉంటుంది.

వ్యాపించే విధం

స్త్రీలలో రొమ్ము, పురుషులలో ఊపిరితిత్తులు దీనికి ముఖ్యమైన మూలస్థానాలు. ప్రోస్టేట్, థైరాయిడ్ గ్రంథులు, మూత్రపిండాలు, పెద్దప్రేగు నుండి కూడా రావచ్చు. పై దవడ కంటే క్రింది దవడలో, అందులోనూ వెనుక దంతాల ప్రాంతంలో ఇది ఎక్కువ. అక్కడ రక్తకణాలను తయారుచేసే ఎర్ర మజ్జ మిగిలి ఉండడం ఇందుకు కారణమని భావిస్తారు. క్యాన్సర్ కణం విత్తనం వంటిదని, అనువైన నేలలోనే మొలకెత్తుతుందని 1889లో ఆంగ్ల శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ ప్రతిపాదించాడు.

లక్షణాలు

వాపు, నొప్పి, పళ్ళు కదలడం సాధారణ లక్షణాలు. వీటిని రోగి పంటి జబ్బే అనుకుంటాడు. ఒక్కొక్కసారి వైద్యుడు కూడా పొరబడతాడు. కదిలే పన్ను తీసివేసిన తరువాత పుండు మానక, ఆ గుంటలోంచి కండ పైకి పెరిగినప్పుడు గాని అసలు సంగతి బయటపడకపోవచ్చు.

వీటన్నిటిలో ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేది తిమ్మిరి. క్రింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నాడి క్రింది దవడ ఎముక లోపలి నుండే వస్తుంది. కణుతి దానిని నొక్కినా, దానిలోకి చొచ్చుకుపోయినా, పంటి వైద్యుడు మత్తుసూది వేసినప్పటివలె ఒక ప్రక్క గడ్డం మొద్దుబారుతుంది. నొప్పి ఉండకపోవచ్చు కనుక చాలామంది దీనిని పట్టించుకోరు. దెబ్బ తగలకుండా, పన్ను తీయించుకోకుండా ఇలా జరిగితే క్యాన్సర్ కోసం తప్పక వెదకవలసి ఉంటుంది. సుమారు నాలుగోవంతు రోగులలో, ఎక్కడో దాగి ఉన్న క్యాన్సర్‌కు దవడలోని కణుతే మొదటి ఆనవాలు.

నిర్ధారణ, చికిత్స

ఎక్స్-రేలో ఎముక చెదలు తిన్న చెక్కవలె కనిపించవచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్ అయితే తరచు ఎముక మరింత చిక్కబడుతుంది. తొలిదశలో ఎక్స్-రేలో ఏ మార్పూ లేకపోవచ్చు, అప్పుడు సి.టి., ఎమ్.ఆర్.ఐ. పరీక్షలు అవసరమౌతాయి. బయాప్సీతోనే వ్యాధి నిర్ధారణ అవుతుంది. తీసిన ముక్కలో థైరోగ్లోబ్యులిన్ కనిపిస్తే మూలం థైరాయిడ్ అని తెలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది: ఎముకలకు ప్రాకిన క్యాన్సర్‌కు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వంటి మందులు కూడా కొందరిలో దవడ ఎముకను నిర్జీవం చేస్తాయి. పైకి ఈ రెండూ ఒకేలా ఉండవచ్చు.

దవడకు చేరేసరికి వ్యాధి తరచు ఇతర అవయవాలకు కూడా ప్రాకి ఉంటుంది. అందువలన రేడియేషన్ ఎక్కువగా నొప్పి తగ్గించడానికే ఇస్తారు. కణుతి ఒక్కటే ఉంటే శస్త్రచికిత్స చేయవచ్చు. థైరాయిడ్ నుండి వచ్చినది అయోడిన్‌ను పీల్చుకునే రకమైతే రేడియోధార్మిక అయోడిన్ ఇస్తారు.