క్రింది పెదవిపై రెండు గుంటలు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు తెలుగునాట "గ్రహణపు మొర్రి" వచ్చినదందురు. ఆ పేరులోనే ఒక అభియోగమున్నది. తల్లి గర్భిణిగా నుండి గ్రహణమును చూచినదనియో, గ్రహణవేళ కత్తిపీట ముట్టినదనియో దాని భావము. పురుడు వెళ్లకమునుపే ఇంట విచారణ మొదలగును; తీర్పు ఎప్పుడును ఒక్కటే. ఆ విచారణలో తండ్రి క్రింది పెదవిని పరీక్షించువారుండరు. కొన్ని కుటుంబములలో చూడవలసినది అదియే.

క్రింది పెదవి ఎఱ్ఱని భాగముపై, మధ్యరేఖకు ఇరుప్రక్కల, చిన్న గుంటలు రెండు కొందరికి పుట్టుకతో నుండును. ఒక్కొక్కప్పుడు వానినుండి జిగురునీరు ఊరును. నొప్పి లేదు కనుక ఎవరును లెక్కచేయరు. ఫ్రెంచి వైద్యుడు డెమార్కే 1845లోనే వీనిని వర్ణించెను. ఈ గుంటలును మొర్రియు ఒకే వంశములలో కలిసి వచ్చుచున్నవని 1954లో అమెరికాలో ఆన్ వాన్ డెర్ వూడ్ అను పరిశోధకురాలు చూపినది. ఈ లక్షణసముదాయమునకు ఆమె పేరే నిలిచినది. ఇది అరుదు: 35,000 మొదలు 1,00,000 వరకు జననములకు ఒకటి చొప్పున కనబడును.

మనుష్యుని ముఖము ఒక్క ముద్దగా ఏర్పడునది కాదు. గర్భమున 4వ వారమునుండి మొగ్గలవంటి భాగములు వేరువేరుగా బయలుదేరి, ఒకదానినొకటి సమీపించి, అంచులు కలిసి అతుకుకొనును. పై పెదవి అతుకు 7వ వారమునాటికి, అంగిలి అతుకు 12వ వారమునాటికి పూర్తియగును. చాలమందికి గర్భము నిలిచిన సంగతి రూఢియగునప్పటికే పెదవి పని ముగియవచ్చుచుండును. ఇక ఐదవ నెలలో పట్టిన గ్రహణము దానినెట్లు చీల్చగలదు?

అంచులు అతుకుటకు వానిపై పొర తగిన వేళకు పక్వము కావలెను. ఆ పక్వతను నడపు జన్యువొకటి మన మొదటి క్రోమోజోముపై కలదు. దాని పేరు ఐ.ఆర్.ఎఫ్.6. 2002లో శాస్త్రజ్ఞులు దానిని పట్టుకొన్న తీరు చెప్పదగినది. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ లక్షణములున్నవి, రెండవవారికి లేవు. ఇరువురి జన్యుపదార్థమును పోల్చి చూడగా ఈ జన్యువులో తేడా కనబడినది. ఒకే తల్లి, ఒకే గర్భము, ఉన్నచో ఒకే గ్రహణము!

ప్రతి మనుష్యునిలోను ఈ జన్యువునకు రెండు ప్రతులుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒక్క ప్రతి చెడిన చాలును. అట్టి ప్రతి గలవారికి పుట్టు ప్రతి బిడ్డకును, మగయైనను ఆడయైనను, అది సంక్రమించుటకు సగము అవకాశము. కాని సంక్రమించినది ఏ రూపమున బయటపడునో ముందుగా చెప్పజాలము. తాతకు గుంటలు మాత్రమే యుండి, కుమారునకు పైకేమియు కానరాక, మనుమరాలికి పెదవియు అంగిలియు చీలియుండవచ్చును. "మా వంశములో ఎవరికిని లేదు" అను మాటను అందుచే కొంచెము జాగ్రత్తగా వినవలెను. తల్లిదండ్రులిరువురి ప్రతులును చక్కగా నుండి, బిడ్డతోనే లోపము క్రొత్తగా ఆరంభమగుటయు కలదు. నేరమును తల్లి తలనుండి దించి తండ్రి తలపై పెట్టుమని నేననుట లేదు. తన జన్యువును ఎంచి యిచ్చువారెవరు?

మొర్రులన్నియు ఈ కోవకు చెందవు. నూటికి రెండు మాత్రమే. తక్కినవానిలో పెక్కింటికి అనేక జన్యువులును, పొగత్రాగుటవంటి బయటి కారణములును కూడివచ్చును. మూర్ఛకు వాడు కొన్ని మందులకును సంబంధము కలదు. అట్లని వైద్యునడుగక వానిని మానరాదు.

కుటుంబములో ఎవరికైన గుంటలున్నచో వైద్యునకు తప్పక చెప్పవలెను. మఱియొక బిడ్డను కోరువారికి జన్యుపరీక్ష దారి చూపును. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకొక విభాగము కలదు. పెదవిని సుమారు 3 నెలల వయసున, అంగిలిని 9 మొదలు 18 నెలలలోపు శస్త్రచికిత్సతో సరిచేయుదురు. అంగిలి చీలిన బిడ్డ పాలు చక్కగా చప్పరింపలేదు, పాలు ముక్కులోనికెక్కును. అంతవఱకు బిడ్డను నిటారుగా ఎత్తుకొని, ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పట్టవలెను.